ముప్ఫై ఒక్క గ్రాములు

మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముందు తలుపు మూసింది. గడియ వేసింది. అది నిజంగా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది. అప్పుడుగానీ ఊపిరి వదల్లేదు.

"ఎవరైనా వెంటబడ్డారా?" కిటికీలోంచి వీధిలోకి తొంగిచూస్తూ అడిగాడు కండక్టరు.

"తెలీదండీ. తెలిస్తే ఇంత భయం ఉండదు."

కింద దర్జీ దుకాణంలో మిషన్ల చప్పుడు నేలలోంచి పైకి వస్తోంది. ఆ చప్పుడుకి బల్ల మీద పెన్సిళ్ళు సన్నగా వణుకుతున్నాయి. బల్ల వెనక కూర్చున్నావిడ పాతికేళ్ళపాటు బడిలో లెక్కలు చెప్పింది. పదవీ విరమణ చేశాక జనం తెచ్చే చిక్కుల్లో తప్పు ఏ అంకె దగ్గర జరిగిందో వెతికి పెడుతోంది. ఊళ్ళో అందరికీ ఆవిడ లెక్కల టీచరే. ఆవిడ సహాయకుడు కండక్టరు బస్సులో ఇరవై రెండేళ్ళు టిక్కెట్లు కొట్టి కొట్టి, ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు తలకాయలు లెక్కపెట్టుకునే అలవాటు తెచ్చుకున్నాడు. టీచరు నోరు తెరిస్తే చాలు, దేవుడు పలికినట్టు చూస్తాడు.

వచ్చినావిడ కొనుగోలుదారుల పత్రికలో వస్తువులు పరీక్షిస్తుంది. మిక్సీలు, గొడుగులు, ఇస్త్రీ పెట్టెలు, ఏది వచ్చినా ముందు వంటింటి త్రాసులో పెట్టి తూచి, నోటుపుస్తకంలో రాసుకున్నాకే మిగతా పని. అందుకని ఆఫీసులో ఆమెకి త్రాసమ్మ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆమె సంచిలోంచి మూడు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. మామూలు కాగితం మీద ప్రింటు తీసినవి. ఒకదానిలో ఆమె వంటింటి గట్టు, దాని మీద త్రాసు. రెండోదానిలో ఆమె అత్తగారు సోఫాలో నిద్రపోతోంది. మూడోదానిలో అదే సోఫాలో ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు, చేతిలో బొమ్మ లారీ.

"వారానికొకటి వచ్చాయి. ఆఫీసులో నా టేబుల్ మీద. వెనక చూడండి."

మొదటి రెండింటి వెనకా ఒకే మాట టైపు చేసి ఉంది. 'మళ్ళీ పరీక్ష చేయకు.' మూడోదాని వెనక ఇంకో వాక్యం ఉంది. 'చేశావంటే ఈ పిల్లవాడెవరో, ఎక్కణ్ణించి వచ్చాడో కనుక్కుంటాను.'

"ఎవరమ్మా ఈ పిల్లాడు?"

త్రాసమ్మ తలుపు వైపు చూసింది. "మా చెల్లెలి కొడుకు. చెల్లెలి మొగుడు మంచివాడు కాదు టీచర్‌గారూ. ఒకసారి దాని చెయ్యి విరిచాడు. ఇంకోసారి తలుపులు బిగించి ఇంటికి నిప్పు పెట్టబోయాడు. నాలుగేళ్ళ కిందట పిల్లాణ్ణి తీసుకుని బయటపడింది. ఎక్కడుంటోందో నాకూ మా ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలీదు. అద్దె ఒప్పందం మీద సాక్షి సంతకం నాది. వాడింకా వెతుకుతూనే ఉన్నాడు. మొన్నామధ్య మా వీధి చివర కనిపించాడు."

"ఆ ఒప్పందం ఎక్కడుంది?"

"అదే కదండీ నా ప్రాణం తీస్తోంది. నా కంప్యూటర్లో ఉంది. ఈ ఫొటోలు నా ఫోనుతో నేనే తీశాను, అవీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఎవరికీ పంపలేదు. అంటే ఎవడో మా ఇంట్లో జొరబడి మొత్తం ఎత్తుకుపోయాడు. ఇరవై ఏళ్ళ ఫొటోలు, కాగితాలు, అన్నీ. చిన్న మూట కాదది. మామూలుగా ఏ మంచి డ్రైవ్‌కైనా నలభై నిమిషాలు పడుతుంది. నలభై నిమిషాలు టీచర్‌గారూ! నా కుర్చీలో కూర్చుని..."

కండక్టరు మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"మళ్ళీ పరీక్ష అంటే ఏమిటది?" అడిగింది టీచరు.

పని గురించి మాట్లాడేసరికి త్రాసమ్మ గొంతు కాస్త నిలబడింది. మూడు నెలల కిందట జేబులో పట్టే ఎస్‌ఎస్‌డీలు నాలుగు పరీక్షించింది. ఫొటోలూ సినిమాలూ దాచుకునే చిన్న డ్రైవులు. నాలిగింటికీ చూడగానే తోచిన పేర్లు పెట్టుకుంది. రబ్బరు తొడుగున్నది తాబేలు, మెరిసేది అద్దం, బుల్లిది అగ్గిపెట్టె, తెల్లగా అంచులు గుండ్రంగా ఉన్నది సబ్బుబిళ్ళ. వేగానికి, రూపానికి, పెట్టిన డబ్బుకి దక్కే విలువకి విడివిడిగా మార్కులు వేసింది.

"సబ్బుబిళ్ళకి మొదటి స్థానం ఇచ్చాను. మిగతావన్నీ మొదట్లో పరుగెత్తి, పావు వంతు నిండేసరికి ఆయాసపడతాయి. అగ్గిపెట్టయితే చెయ్యి కాలేంత వేడెక్కింది. సబ్బుబిళ్ళ మాత్రం మొదట ఎంత వేగమో చివరిదాకా అంతే. మిగతావాటికి నలభై పట్టిన పని పన్నెండు నిమిషాల్లో పూర్తి. వేడి లేదు. అంత పెద్ద పెట్టె ముప్ఫై ఒక్క గ్రాములే, చేతిలో ఉన్నట్టే ఉండదు. ధర మిగతావాటిలో సగం. పత్రిక వాళ్ళు చందాదారులకి దాన్నే బహుమతిగా పంపారు కూడా. ఇప్పుడు ఒకరిద్దరు పాఠకులు ఏవో ఫిర్యాదులు రాశారట. పత్రిక ఓనరు మళ్ళీ పరీక్షించమన్నాడు."

"ఆ ఉత్తరాలు చూశావా?"

"లేదండీ. సంపాదకుడిగారి దగ్గరున్నాయి."

"పరీక్షకి ఏ ఫైళ్ళు వాడతావు?"

త్రాసమ్మ కొంచెం సిగ్గుపడింది. "మా ఇంటి ఫోల్డరే. ఇరవై ఏళ్ళది. కంపెనీలవాళ్ళు ఒకే పెద్ద ఫైలు పెట్టి వేగం చూపిస్తారు. సంసారంలో అలా ఉండదు కదా. చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా ఉంటేనే అసలు బండారం బయటపడుతుంది. అయ్యాక ఫార్మాట్ చేసేస్తాను. రెండు క్షణాల పని. రోజుకి ఇరవైసార్లు చేస్తుంటాను."

పెన్సిలు తిప్పుతున్న టీచరు చెయ్యి ఆగింది. ఆవిడ కండక్టరు వైపు చూసింది. అతనికేమీ అర్థం కాకపోయినా, అర్థమైనట్టు తల ఊపాడు.

"రేపు పొద్దున మీ ఇంటికొస్తాం," అంది టీచరు. "ఈలోగా నీ ఫోనుతో చెల్లెలికి చెయ్యకు, ఎవరైనా వింటుండొచ్చు. ఇల్లు కదలొద్దు, పిల్లాణ్ణి బయటికి పంపొద్దు అని మాత్రం మీ ఆయనతో చెప్పించు."

ఇంటికి వెళ్ళేటప్పుడు త్రాసమ్మ రోజూ వెళ్ళే దారిలో వెళ్ళలేదు. వెనక అడుగుల చప్పుడు విని బట్టల దుకాణం అద్దం ముందు ఆగింది. ఆ అడుగులూ ఆగాయి. మెల్లగా తిరిగి చూస్తే, ఎవరో ముసలాయన, చెప్పు తెగి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున తలుపు తీసింది అత్తగారు. టీచర్ని, కండక్టర్ని ఎగాదిగా చూసింది.

"దొంగ వచ్చాడా అని అడగటానికేనా మీరొచ్చింది? ఈ సోఫాలోంచి నేను లేచి ఎన్నేళ్ళయిందో మా కోడల్ని అడగండి. వీధి తలుపు నా కళ్ళెదుట, పెరటి తలుపు నా వీపు వెనక. పగలంతా మా పెద్దాడు ఆ గదిలో గురక పెడుతుంటాడు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు కదా. రాత్రంతా మా కోడలికి నిద్రుండదు. ఈ ఇంట్లో దొంగకి నిలబడ్డానికి చోటేది?"

"మీరు మధ్యలో కునుకు తీయరా పిన్నిగారూ?" అన్నాడు కండక్టరు వినయంగా.

"నేనా? కళ్ళు మూసుకుని వింటుంటాను," అంది ఆవిడ. సోఫాలో నిద్రపోతున్న ఆవిడ ఫొటో టీచరు సంచిలోనే ఉంది.

మేడ మీది గదిలోంచి మరిది దిగొచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, పని కోసం తిరుగుతున్నాడు. నిన్నటినుంచీ వదిన తన ముఖం చూడటం మానేసిందని అతనికి తెలిసిపోయింది.

"నన్నే కదా అనుమానిస్తున్నావు వదినా? అడిగెయ్యి, ఒక పనైపోతుంది."

"నేనేమన్నానని..."

"ఏమీ అనకపోవడమే! టీ ఇచ్చేటప్పుడు కూడా కంప్యూటరు గదికి తాళం వేసొచ్చావు."

త్రాసమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తాళం చెవి ఇప్పుడు ఆమె జాకెట్లో ఉంది. అతను చెల్లెలి మొగుడితో చేతులు కలిపాడేమోనని రాత్రంతా అనుకుంది.

టీచరు మూడు ఫొటోలూ సోఫా మీద పరిచింది. "ఇవి ఎప్పుడు తీసినవమ్మా?"

"వంటింటిదా? ఆ పొయ్యి కొత్తది, పోయిన చలికాలంలో కొన్నాం. అంటే అయిదు నెలలు. అత్తయ్యది ఆ తర్వాత. పిల్లాడు వచ్చి వెళ్ళింది పరీక్షకి సరిగ్గా వారం ముందు."

"ఇరవై ఏళ్ళ మూట దొరికినవాడు అయిదు నెలలవే ఎందుకు ఏరుకున్నాడు?" టీచరు తనలో తాననుకున్నట్టు అంది. "సరే. పరీక్ష అయ్యాక ఆ డ్రైవులు ఏమయ్యాయి?"

"చీటీలు వేసి పంచుకున్నాం. మా పత్రిక ఆనవాయితీ అది. తాబేలు ఫొటోగ్రాఫరుకి, అద్దం అచ్చుతప్పులు దిద్దే ప్రూఫులమ్మకి, సబ్బుబిళ్ళ సంపాదకుడిగారికి వచ్చాయి. నాకొచ్చిన అగ్గిపెట్టె మరిదికిచ్చాను. పాటలు పెట్టుకుంటానంటే."

అప్పుడే ఫోను మోగింది. త్రాసమ్మ ఉలిక్కిపడి చూసి, "సంపాదకుడిగారు. ఫొటోల సంగతి ఆఫీసులో ఆయనకొక్కరికే చెప్పాను" అంది. ఆయన గొంతు పక్కవాళ్ళకి వినపడేంత పెద్దది.

"ఎలా ఉన్నావు తల్లీ? రాత్రంతా నీ గురించే ఆలోచన. పరీక్ష మానేద్దాం. ఓనరుకి నేను సర్దిచెబుతాను. మార్కులు ఎలా ఉన్నవి అలా ఉండనీ. పిల్లాడికంటే పత్రిక ఎక్కువా చెప్పు?"

"పదేళ్ళుగా కన్నతండ్రిలా చూస్తున్నారు," అంది త్రాసమ్మ ఫోను పెట్టేసి. "అలాగేనని చెప్పెయ్యనా టీచర్‌గారూ? నాకింక ఓపిక లేదు."

"వద్దు. సాయంత్రం అయిదింటికి ఆఫీసులో పరీక్ష ఉందని చెప్పు. నలుగుర్నీ ఎవరి డ్రైవు వాళ్ళు తెచ్చుకోమను. నీ త్రాసూ, నోటుపుస్తకమూ నువ్వు తెచ్చుకో."

"చేశానని తెలిస్తే వాడు ఊరుకోడండీ!"

"ఊరుకోకూడదనే," అంది టీచరు.

సాయంత్రం పరీక్షగదిలో అరలనిండా పాత మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు. పొడుగు బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు. త్రాసమ్మ త్రాసునీ నోటుపుస్తకాన్నీ తన ముందు పెట్టుకుంది. తనను భయపెట్టినవాడు ఈ గదిలోనే ఉన్నాడా? ప్రూఫులమ్మ పన్నెండేళ్ళుగా పక్క బల్ల మనిషి. ఫొటోగ్రాఫరు త్రాసమ్మ కూతురి పెళ్ళిలో ఒక్క రూపాయి పుచ్చుకోకుండా ఫొటోలు తీశాడు. మరిది ఆమె చేతుల్లో పెరిగినవాడు. సంపాదకుడు నుదురు తుడుచుకుంటూ తనవైపు జాలిగా చూస్తున్నాడు.

కండక్టరు తలుపుకి అడ్డంగా నిలబడి తలలు లెక్కపెట్టాడు. "టీచర్‌గారూ, అందరూ ఎక్కారు."

నాలుగు డ్రైవులూ బల్ల మీదికి వచ్చాయి.

"నిన్న ఈవిడ నా దగ్గరికొచ్చి, ఇంట్లో దొంగపడ్డాడంది," మొదలుపెట్టింది టీచరు. "ఆ ఇంట్లో దొంగ నలభై నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు కూడా ఉండలేడు. వాళ్ళ అత్తగారు ఉండనివ్వరు. మరి ఫొటోలు బయటికెలా వచ్చాయి? ఈవిడే తెచ్చింది. ఈ నాలిగింటిలో పెట్టి, తన చేతులతో తనే పంచిపెట్టింది."

"నేను తుడిచేశానండీ!" అంది త్రాసమ్మ.

"ఫార్మాట్ చేశావు. రెండు క్షణాల్లో అయ్యే ఫార్మాట్. పుస్తకంలో విషయసూచిక చింపేస్తే పేజీలు పోతాయా? వెతికే సాఫ్ట్‌వేరు ఉంటే అన్నీ మళ్ళీ చదువుకోవచ్చు. పరీక్షకీ పరీక్షకీ మధ్య ఆ చింపడం చాలు. ఇంటి కాగితాలు పెట్టి ఊరి మీద పంచేటప్పుడు చాలదు."

నాలుగు డ్రైవులు, నాలిగింటిలోనూ చెల్లెలి చిరునామా. మూడు నెలలుగా జేబుల్లో, సొరుగుల్లో తిరుగుతోంది. తలుపు తాళం వేసుకున్నదీ, మరిదిని దొంగను చూసినట్టు చూసిందీ గుర్తొచ్చి త్రాసమ్మకి ఒళ్ళు చచ్చినట్టయింది.

"ఇప్పుడు ఆ మూడో ఫొటో వెనక మాట చూడండి. పిల్లాడెవరో కనుక్కుంటాను, అన్నాడు. నాలుగేళ్ళ కిందటి ఫోల్డర్లో పిల్లాడి బడి కాగితాలున్నాయి. వాళ్ళమ్మ అద్దె ఒప్పందం ఉంది. అవి దొరికినవాడు కనుక్కుంటాననడు. చిరునామా రాసి పంపుతాడు, ఒక్క దెబ్బతో పని అయిపోతుంది. అంటే వాడి దగ్గర పాతవేవీ లేవు. చివరి అయిదు నెలలవే ఉన్నాయి. ఈవిడ ఫోల్డరు పాత ఏడాదినుంచి కొత్త ఏడాదికి వరసగా ఎక్కుతుంది. చివర ఎక్కినవి మాత్రమే మిగిలిన డ్రైవు ఏది?"

జవాబు కూడా టీచరే చెప్పింది.

"పెట్టె మీద రాసినంత చోటు లోపల లేని డ్రైవు. పలక నిండితే తుడిచేసి మళ్ళీ పైనుంచి రాసుకునే పిల్లల్లాంటిది. ఉన్న ఆ కాస్త చోటులోనే తిరగరాస్తుంది, అంతా దాచుకున్నానని అబద్ధమాడుతుంది. నిండటమే లేదు గనక దానికి ఆయాసం లేదు, వేడి లేదు. లోపల సరుకు లేదు గనక బరువు లేదు, ధర లేదు. అమ్మా, నువ్వు వేగానికీ, రూపానికీ, విలువకీ మార్కులు వేసింది ఖాళీ డబ్బాకి."

"కానీ ఫైళ్ళు తెరిచి చూశానండీ," త్రాసమ్మ గొంతు గొణుగుడులా వచ్చింది.

"ఏవి?"

"చివరి ఫోల్డరు. ఎప్పుడూ అదే తెరుస్తాను. మా చెల్లెలి కొడుకు ఫొటోలుంటాయని."

సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. "అయితే కంపెనీ మనందర్నీ మోసం చేసిందన్నమాట! నా డ్రైవు మాత్రం బాగానే పనిచేస్తోందే. కావాలంటే ఇప్పుడే నింపి చూసుకోండి."

"నింపేముందు తూచాలి కదా," అంది టీచరు. "త్రాసమ్మా, నీ అలవాటు ప్రకారమే కానీ."

తాబేలు తొంభై రెండు, నోటుపుస్తకంలోనూ అంతే. అద్దం అరవై. అగ్గిపెట్టె ఇరవై ఏడు. తెల్లటి సబ్బుబిళ్ళను పళ్ళెంలో పెట్టేటప్పుడే ఆమె వేళ్ళకి తెలిసిపోయింది. అంకె యాభై ఎనిమిది దగ్గర ఆగింది.

"పుస్తకంలో ముప్ఫై ఒకటి ఉంది," అంది త్రాసమ్మ.

"రాసుకోవడంలో పొరపాటు పడుంటావు తల్లీ."

"ముప్ఫై ఒకటేనండీ," అంది ప్రూఫులమ్మ, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "ఇంత పెద్ద పెట్టె అంత తేలికేమిటని నేను పక్కన ప్రశ్నార్థకం పెడితే, కొట్టేసింది మీరే కదా."

"నా ఫొటోలో త్రాసు అంకె కూడా పడింది సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు. తన మాట బరువు ఆలస్యంగా తెలిసి అతను తల దించుకున్నాడు.

సంపాదకుడు కుర్చీలో చిన్నవాడైపోయాడు.

"తొమ్మిదివేలమందికి పంపాను," అన్నాడు చివరికి. "నా పేరుతో, నా ఉత్తరం పెట్టి. ఒకావిడ రాసింది, చనిపోయిన తల్లి ఫొటోలన్నీ పోయాయని. నిజమేనా అని నా డ్రైవులో సాఫ్ట్‌వేరు పెట్టి వెతికాను. నీ వంటిల్లు కనిపించింది. మళ్ళీ పరీక్ష జరిగితే ముప్ఫై ఏళ్ళ నా పేరు మట్టికొట్టుకుపోతుంది. ఇది కంపెనీవాళ్ళు నాకోసం ప్రత్యేకంగా చేసి పంపిన మంచి డ్రైవు. నువ్వెన్నడూ చెప్పని పిల్లాడు గనక నిన్ను భయపెడదామనే తప్ప... ఆ పిల్లాణ్ణి నేనేం చేస్తాను తల్లీ?"

"తల్లీ అనకండి," అంది త్రాసమ్మ. ఆమె లేచి నిలబడిందని ఆమెకే తెలియలేదు. "కనుక్కోవడం మొదలుపెట్టారా? ఆ ఫొటో ఎవరికైనా చూపించారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లేదు. ఒట్టు. ఎవరికీ లేదు."

"ఒట్టు నమ్మే ఉద్యోగం కాదు నాది," అంది టీచరు. "పాత సబ్బుబిళ్ళ ఎక్కడుంది?"

ఆయన కోటు లోపలి జేబులోంచి తీసి ఇచ్చాడు. పళ్ళెంలో పెడితే ముప్ఫై ఒకటి.

"కండక్టర్‌గారూ, ఈయనతో వెళ్ళి ఈయన కంప్యూటరు తీసుకురండి. దారిలో ఫోను ముట్టుకోనివ్వకండి. ఓనర్ని, పోలీసుల్ని నేను పిలుస్తాను."

"చివరి స్టాపుదాకా వదలను టీచర్‌గారూ," అన్నాడు కండక్టరు, ఆయన మోచెయ్యి పట్టుకుని.

టీచరు ఆ పాత డ్రైవుని కంప్యూటరుకి తగిలించి వెతికించింది. కొద్దిసేపటికి పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి రావడం మొదలైంది. ఇరవై ఏళ్ళ పేర్లు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, కరెంటు రశీదులు. నాలుగేళ్ళ కిందటి ఫోల్డరు పేరు కూడా వచ్చింది. దాని లోపల 'అద్దె ఒప్పందం' అన్న రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి. అవి చూడగానే త్రాసమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. టీచర్‌గారి లెక్క తప్పితే? పేరుంది కదా, లోపల కాగితమూ ఉంటే?

"నువ్వే నొక్కమ్మా," అంది టీచరు.

ఆమె నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది, ఆగింది. ఫైలు తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. తెరుచుకోలేదు. ఆ ఏడాదివన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోయింది. ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. పేర్లే మిగిలాయి, లోపల కాగితాలు లేవు. పన్నెండేళ్ళుగా వస్తువులు పరీక్షిస్తోంది ఆమె. ఒక వస్తువు పరీక్ష తప్పితే ఇంత ఏడుపు రావడం ఇదే మొదటిసారి.

మిగతా మూడింటిలో మాత్రం అన్నీ తెరుచుకున్నాయి. తామెప్పుడూ లోపల వెతకలేదని ముగ్గురూ చెప్పారు. ఆమె నమ్మింది. నమ్మి కూడా మూడింటినీ వరసగా పెట్టి, మొదటినుంచి చివరిదాకా సున్నాలతో నింపడం మొదలుపెట్టింది. అది రెండు క్షణాల పని కాదు. మరిది పక్క కుర్చీలో కూర్చుని తన అగ్గిపెట్టె నిండుతుంటే చూస్తున్నాడు.

"నా పాటలన్నీ పోయాయి వదినా," అన్నాడు.

"మళ్ళీ ఎక్కించి ఇస్తాను," అంటూ జాకెట్లోంచి తాళం చెవి తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు.

తెర మీద పని ఎంతయిందో చూపించే గీత ముప్పావు వంతు దాటాక ఆమె చెల్లెలికి ఫోను చేసింది.

"అక్కా, బావగారు ఏదో చెప్పారు. ఇల్లు ఖాళీ చెయ్యాలా? మూట కట్టేశాను. వీడు లారీ మాత్రం సంచిలో పెట్టనంటున్నాడు."

"అక్కర్లేదు. మూట విప్పుకో," అంది త్రాసమ్మ. గీత వైపు చూస్తూ ఒక్క క్షణం ఆగింది. "కానీ నీకొకటి చెప్పాలి. కూర్చుని విను. ఎవరో చేసింది కాదు, నేను చేసిన తప్పు."